రెండు గుంటలా, ఐదు సెంట్లా?

"సార్, నా దగ్గర ఒక పాయింటుంది. కథవుతుందేమో చూస్తారా?"

కొత్తగా కథ రాయాలని కూర్చున్నవాళ్ళు మన వైపు ఈ మాటే అంటారు. కథావస్తువు, ఇతివృత్తం అనేవి విమర్శకుల మాటలు. రాయబోయేవాడి దగ్గర ఉండేది పాయింటే. ఆ పాయింటు కథగా ఎదగకముందే ఎలా చచ్చిపోతుందో, దాన్ని చంపడంలో పెద్దలమనుకునే మన వాటా ఎంతో చెప్పుకుందామని ఈ వ్యాసం. విమర్శ రాసే అర్హత నాకు పెద్దగా లేదు. బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. కానీ ఒక మంచి పాయింటును స్వయంగా చంపుకున్న అనుభవం ఉంది. ఇంకొకరి పాయింటు ఇప్పుడు నా చేతిలోకి వచ్చింది. దానికీ ఆ గతే పడుతుందేమోనన్న భయంతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

పావగడ తెలియని పాఠకుల కోసం రెండు ముక్కలు. కర్ణాటకలో తుమకూరు జిల్లా తాలూకా ఇది. మ్యాపులో చూస్తే ఆంధ్రలోకి దూరిపోయినట్టుంటుంది. చుట్టూ మడకశిర, పెనుకొండ, కళ్యాణదుర్గం. జిల్లా కేంద్రానికి బస్సెక్కితే మధ్యలో కొంతదూరం ఆంధ్ర నేల మీదుగా పోయి మళ్ళీ కర్ణాటకలో దిగుతాం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. వేరుశనగ పంట, వాన కోసం ఎదురుచూపు, ఫ్లోరైడు నీళ్ళు. తిరుమణి వైపు 2018 నుంచి సోలార్ పార్కు. తిరుమణి, వళ్ళూరు, బాలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు అనే ఐదు ఊళ్ళ పొలాలు, దాదాపు 13 వేల ఎకరాలు, అందులో ఉన్నాయి. 2019 చివరికి 2,050 మెగావాట్ల పూర్తి సామర్థ్యానికి చేరింది. ఆ భూములు రైతులు అమ్మలేదు, గుత్తకిచ్చారు. ఎకరాకు ఏడాదికి 21 వేల రూపాయలు, రెండేళ్ళకోసారి ఐదు శాతం పెంపు.

ఆ ఐదు ఊళ్ళలో ఒక ఊరి అమ్మాయి డిగ్రీ చదువుతోంది. బ్యాంకుకు స్కాలర్‌షిప్ పని మీద వచ్చి, నా టేబుల్ మీద తెలుగు పత్రిక చూసి, పై మాట అడిగింది. పాయింటు ఏమిటంటే: వాళ్ళ తాత, ఆయన తమ్ముడు, ఇద్దరి పొలాల మధ్య గెనిమ. గెనిమ అంటే పొలం గట్టు. దానికోసం ఇద్దరూ ఇరవయ్యేళ్ళు కొట్లాడారు. మాటల్లేవు, పెళ్ళిళ్ళకు పోయేది లేదు. ఇప్పుడు రెండు పొలాలూ గుత్తకు పోయాయి, నేల చదును చేశారు, గెనిమ లేదు. దాని మీద సోలార్ ప్లేట్లు నిలబడ్డాయి. అయినా ఆ ముసలాయన మబ్బుతోనే లేచి కంచె దాకా పోయి, లోపలికి వేలు పెట్టి చూపించి, "నా గెనిమ ఆ మూడో వరస ప్లేట్ల కింద ఉండాది" అంటాడట.

నిజం చెప్పొద్దూ, ఆ మాట విని నాకు అసూయ కలిగింది. ఇలాంటి పాయింటు నాకెందుకు దొరకలేదా అని. రాసి తీసుకురమ్మన్నాను.

నెల తర్వాత తెచ్చింది. కన్నడ లిపిలో రాసిన తెలుగు, పద్నాలుగు పేజీలు. చదివి నీరుగారిపోయాను. మొదటి రెండు పేజీలు సోలార్ కంపెనీల చరిత్ర. తర్వాత ఒక అధికారి, ఒక దళారి. తాత గ్రామసభలో నిలబడి రైతు గొప్పతనం గురించి పేజీన్నర ఉపన్యాసం ఇస్తాడు. చివర్లో కంచె పట్టుకుని ప్రాణం విడుస్తాడు. తమ్ముడు వచ్చి అన్న శవం మీద పడి ఏడుస్తాడు. కథ పేరు 'సూర్యుడు మింగిన నేల'.

ఇది ఆ అమ్మాయి తప్పు కాదు. మన పత్రికల్లో కొత్తవాళ్ళ కథలు వరుసగా చదివినవారికి ఈ అచ్చు తెలిసే ఉంటుంది. వాళ్ళకు మొదట కనిపించేది ఒక మనిషి, ఒక చేత, ఒక మాట. కూర్చుని రాసేటప్పటికి దాని స్థానంలో ఒక సమస్య వచ్చి కూర్చుంటుంది. కరువు సమస్య, ఫ్లోరైడు సమస్య, వలస సమస్య. కథల పోటీల ప్రకటనల్లో సామాజిక ప్రయోజనం ఉండాలని మనమే రాస్తాం. సభల్లో నిబద్ధత గురించి మనమే మాట్లాడతాం. సమస్య లేనిదే కథ కాదని వాళ్ళు అనుకోవడంలో ఆశ్చర్యమేముంది? సమస్యకు పరిష్కారం చూపలేక మనిషిని చంపేస్తారు. ఈ ప్రాంతపు కొత్త కథల్లో చచ్చినంతమంది రైతులు బయట కూడా చచ్చి ఉండరని ఒక మిత్రుడు అంటే నవ్వాను గానీ, ఆ నవ్వు నన్ను నేను చూసుకుని నవ్విన నవ్వు.

నా సంగతి చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1996లో, ఈ తాలూకాలోనే ఒక బ్రాంచిలో పనిచేశాను. విత్తనం వేసే కాలానికి ఆడవాళ్ళు నగలు తెచ్చి కుదువ పెట్టేవారు. ఏడాదికి ఒకసారి వడ్డీ కట్టి అప్పు తిరగరాయించుకోవాలి. అప్పుడు సంచి తెరిచి, నగ మళ్ళీ తూచి, కంసాలి గీటురాయి మీద గీసి చూసి, మళ్ళీ సీలు వేస్తాం. ఒకావిడ జత కమ్మలు పెట్టింది. తిరగరాయించడానికి వచ్చిన ప్రతిసారీ తూకం అయ్యాక, "ఒగసారి ఇట్ల ఇయ్యి సామీ" అని కమ్మలు చేతిలోకి తీసుకునేది. తిప్పి తిప్పి చూసి తిరిగి ఇచ్చేసేది. నేను ఆ బ్రాంచిలో ఉన్న మూడేళ్ళలో మూడుసార్లు చూశాను. ఇదే నా మొదటి పాయింటు.

దాన్నేం చేశాను? మొదట టీ కొట్టు దగ్గర నలుగురికీ చెప్పాను. అందరూ ఆహా అన్నారు. ఒకాయన ముగింపు కూడా చెప్పాడు. తర్వాత పేరు పెట్టాను: 'కరువు కాటు'. పేరు పెట్టాక కథ దాని వెంట నడిచింది. ఆమె మొగుడు తాగుబోతు అయ్యాడు. వానలు రాలేదు. కమ్మలు వేలానికి వచ్చాయి. ఆమె పురుగుమందు తాగింది. ఒక పత్రికకు పంపితే తిరిగొచ్చింది. సంపాదకుడు ఒక చిన్న చీటీ పెట్టాడు: ఆమె కమ్మల్లో ఏం చూసేదో రాయలేదు అని. ఆ చీటీ మీద నాకు కోపం వచ్చింది. చాలా ఏళ్ళు ఆ కోపం దాచుకున్నాను.

ఆమె ఏం చూసేదో నాకు తెలుసు. అదే అసలు విషయం. ఒక కమ్మకు సీల పోతే ఊళ్ళో కంసాలి చేత వేరే సీల వేయించింది. అది కొంచెం పొట్టిగా ఉండేది. ఆ పొట్టి సీల ఉందా లేదా అని ఆమె చూసేది. అంటే, బ్యాంకువాళ్ళు కమ్మలు మార్చేశారేమోనని ఆమె అనుమానం! నేను ఆమె కళ్ళలో మమకారం చూశాను. ఆమె నా చేతుల్లో దొంగతనం వెతికింది. మూడోసారి ఆమే నోరు తెరిచి అడిగింది, "ఈ రొండోది నాదేనా సామీ?" అని. నా ముఖం ఎర్రబడింది. పక్కన క్యాషియర్ నవ్వాడు.

కథలో అది రాయలేదు. ఎందుకు రాయలేదు? అవమానంగా తోచింది. ఆమెకు మచ్చ, బ్యాంకుకు మచ్చ, రాసే నాకు ఇంకా పెద్ద మచ్చ. కన్నీళ్ళు పెట్టుకునే రైతు స్త్రీ అయితే అందరికీ మర్యాదగా ఉంటుంది. ఇప్పుడు ఆలోచిస్తే ఆ పొట్టి సీల ఒక్కటే ఆ కథకు ప్రాణం. ఇంత పెద్ద భవనం, ఇనుప తలుపు, ఇద్దరి చేతుల్లో రెండు తాళాలు. ఇవన్నీ ఒక పక్క, ఊరి కంసాలి వేసిన పొట్టి సీల ఒక పక్క. ఆమె నమ్మింది సీలనే. దాన్ని తీసేసి నేను కరువు పెట్టుకున్నాను. కరువు అందరి దగ్గరా ఉంది, సీల నా ఒక్కడి దగ్గరే ఉంది.

మనం రాసేటప్పుడు ఏది సిగ్గుపడి వదిలేస్తామో, పాయింటు ప్రాణం చాలాసార్లు అందులోనే ఉంటుంది. ఇది నేను కనిపెట్టింది కాదు. మన పెద్దల రచనలు ఈ కోణంలో చూస్తే కనబడుతుంది.

'కన్యాశుల్కం' సంగతి చూడండి. విజయనగరం మహారాజా ఆనందగజపతి విశాఖపట్నం జిల్లాలో జరిగిన శుల్క వివాహాల జాబితా ఒకటి తయారు చేయించారు. మూడేళ్ళలో 1,034 పెళ్ళిళ్ళు. అందులో ఐదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. గురజాడ మొదటి కూర్పు పీఠికలో ఈ అంకెలన్నీ ఇచ్చారు. బ్యాంకులో అంకెల మధ్య బతికినవాణ్ణి గనుక ఈ పట్టిక చదివినప్పుడల్లా నాకు వణుకు పుడుతుంది. ముగ్గురు ఏడాది పిల్లలు! ఈ పట్టిక చేతికందిన కొత్త రచయిత ఎవరైనా ఏం రాస్తాడు? ఏడాది పిల్లను, ఎనభయ్యేళ్ళ ముసలివాణ్ణి ఎదురెదురుగా పెట్టి ఏడిపిస్తాడు.

గురజాడ ఏం చేశారు? గిరీశాన్ని తెచ్చారు. శుల్కం ఇచ్చిందీ పుచ్చుకున్నదీ కాని మనిషి. సంఘ సంస్కరణ గురించి అందరికంటే బాగా మాట్లాడేవాడు అతడే, నమ్మకూడనివాడూ అతడే. సంస్కరణ కోసం నాటకం రాస్తూ సంస్కర్త భాషను మోసగాడి నోట్లో పెట్టడానికి ఎంత ధైర్యం కావాలి! తన పక్షానికే మచ్చ అయిన విషయాన్ని ఆయన దాచలేదు. 1892లో మొదట ప్రదర్శించిన నాటకం 1897లో అచ్చయింది. అక్కడితో ఆయన తృప్తి పడలేదు. 1909లో వచ్చిన రెండవ కూర్పు దాదాపు కొత్త నాటకం. మధురవాణి మనకు తెలిసిన మధురవాణి అయింది అందులోనే. ఆ పట్టికలో మధురవాణికి గడి లేదు. వేశ్యకు కన్యాశుల్కంతో ఏం పని? పట్టికలో లేని మనిషి నాటకంలో పెరిగి పెద్దదై పట్టికనంతా తన వెలుగులో చూపించింది. ఒక పాయింటును పదిహేడేళ్ళు పెంచడమంటే అది. మనం పదిహేడు రోజులు ఆగం.

సరిగ్గా అదే 1897లో ఇంగ్లండులో హెన్రీ జేమ్స్ నవల 'ది స్పాయిల్స్ ఆఫ్ పాయింటన్' పుస్తకంగా వచ్చింది. దాని పుట్టుక గురించి ఆయన 1908 నాటి పీఠికలో రాసిన సంగతి కథకులు చాలామంది చెప్పుకుంటారు. క్రిస్మస్ ముందు రాత్రి విందులో పక్కన కూర్చున్నావిడ ఒక మాట చెప్పింది. ఎక్కడో ఉత్తరాన ఒక తల్లి, ఒక్కగానొక్క కొడుకు, తండ్రి పోయాక ఇంట్లో సామాను కోసం కత్తులు దూసుకుంటున్నారని. ఆ నాలుగు మాటలతోనే ఆయనకు విత్తనం దొరికింది. ఆవిడ ఇంకా చెప్పుకుపోతుంటే, ఇక వద్దు, నిజంగా జరిగింది వింటే విత్తనం పాడవుతుందని ఆయనకు అనిపించిందట.

నాకు ఇందులో సగమే ఒప్పుదల. అందరి ముగింపులూ వినకూడదన్నంత వరకు నిజం. టీ కొట్టు దగ్గర నా కథ చచ్చింది అందుకే. కానీ నిజం వినడం ఆపేయమని మన కొత్తవాళ్ళకు చెబితే మునిగిపోతాం. జేమ్స్ లాంటివాడికి ఆ పెద్ద ఇళ్ళు, ఆ సామాన్లు, ఆ మనుషుల మర్యాదలు కొట్టిన పిండి. విత్తనం పడితే చాలు, నేల ఆయన దగ్గరే ఉంది. మనవాళ్ళు విత్తనం దొరకగానే నేల వదిలేసి పత్రికల్లో చదివిన నేల మీదికి పోతున్నారు. వాళ్ళు ఇంకా వినాలి. కాకపోతే ఊళ్ళో అభిప్రాయాలు కాదు, లెక్కలు వినాలి. ఎన్ని మూరలు, ఎంత వడ్డీ, ఎవరు సంతకం పెట్టారు, ఎవరు పెట్టలేదు.

లెక్కలంటే కాళీపట్నం రామారావు గారు గుర్తొస్తారు. ఆయన లెక్కల మాస్టారు. కొన్నేళ్ళు కథలు రాయకుండా ఉండి, తర్వాత రాసిన కథల్లో ఒకటి 1966లో అచ్చయిన 'యజ్ఞం'. బ్యాంకు ఉద్యోగులంతా చదవాల్సిన కథ అది. పాయింటుగా చెబితే ఒక్క వాక్యం: అప్పు తీర్చలేని అప్పల్రాముడి మీద గోపన్న తగాదా. దీన్ని కొత్తవాడు రాస్తే గోపన్న రాక్షసుడు, అప్పల్రాముడు దేవుడు. రామారావు గారు అలా తేల్చలేదు. సుందరపాలెం పంచాయితీలో శ్రీరాములునాయుడు మంచివాడే. ధర్మం తప్పకూడదనుకునేవాడే. గోపన్నకు తన బాధ ఉంది. ఊళ్ళో రోడ్డు, బడి, అభివృద్ధి అన్నీ వచ్చాయి. అప్పు మాత్రం అప్పల్రాముణ్ణి వదలలేదు. లెక్క న్యాయంగానే సాగుతుంది. ఆ న్యాయం చివరికి ఎక్కడికి చేరుతుందంటే, కొడుకు సీతారాముడు తన బిడ్డను తన చేతులతో చంపుకుంటాడు. ఆ ముగింపు మీద ఎంతో చర్చ జరిగింది. అది నిజమా, అతిగా ఉందా అని. నాకు ముగింపు కన్నా ఆ సుదీర్ఘమైన పంచాయితీయే ఆశ్చర్యం. పేదవాడి తరఫున రాస్తూ అప్పిచ్చినవాడి లెక్కను అంత ఓపికగా, అంత నిజాయితీగా వినిపించడం. అక్కడ ఆయన తొందరపడి ఉంటే సీతారాముడి కత్తికి మనం కన్నీళ్ళు పెట్టి ఊరుకునేవాళ్ళం. ఇప్పుడు ఊరుకోలేం, ఎందుకంటే ఆ లెక్క మనం కూడా ఒప్పుకున్నాం.

కొత్త రచయితల కోసం రామారావు గారు 'కథాకథనం' వ్యాసాలు రాశారు. వాటికోసం వెతకండి. నేను చెప్పే దానికన్నా అక్కడ ఎక్కువ దొరుకుతుంది.

ఇక ఆ అమ్మాయి దగ్గరికి వద్దాం. రెండోసారి వచ్చినప్పుడు నేను సోలార్ గురించి ఏమీ అడగలేదు. తగాదా ఎంత నేల మీద అని అడిగాను. "ఐదు సెంట్లు సార్, రాశాను కదా" అంది. నాకు అనుమానం వచ్చింది. సెంట్లు ఆంధ్రలో. మన తాలూకాలో ఎకరాకు నలభై గుంటలు. మీ ఇంట్లో సెంట్లంటారా అంటే, "లేదు సార్, రెండు గుంటలంటారు. తెలుగు కథ కదా అని సెంట్లు చేశాను" అంది.

రెండు గుంటలు ఐదు సెంట్లే. లెక్క తప్పలేదు. కానీ ఆ ముసలాయన ఇరవయ్యేళ్ళు ఐదు సెంట్ల కోసం కొట్లాడలేదు, రెండు గుంటల కోసం కొట్లాడాడు. మిగతా పేజీలు మళ్ళీ చూశాను. పహణి అన్నచోట అడంగల్ అని ఉంది. గెనిమ గట్టు అయింది, ఎనుము గేదె అయింది. మబ్బుతోనే లేచేవాడు ఉషోదయాన నిద్రలేచాడు. సంగటి భోజనం అయింది. వాళ్ళ తాత తమ్ముణ్ణి తిట్టే తిట్టు మొత్తానికే లేదు. పావగడ ముసలాయన కృష్ణా జిల్లా పుస్తకాల్లో బట్టలు మార్చుకుని వచ్చి నిలబడ్డాడు.

ఇది మన సరిహద్దు తెలుగువాళ్ళకు ప్రత్యేకమైన జబ్బు. బడిలో తెలుగు నేర్చుకోనివాడికి తన తెలుగు తెలుగే కాదన్న శంక ఉంటుంది. సినిమాల్లో, పత్రికల్లో కనిపించేదే సరైన తెలుగని నమ్ముతాడు. నామిని 'పచ్చనాకు సాక్షిగా' తిరుపతి పల్లె మాటలో వచ్చి ఎన్ని ఏళ్ళయింది! స.వెం. రమేశ్ 'ప్రళయ కావేరి కథలు' పులికాట్ దీవుల తెలుగును అలాగే తెచ్చి పెట్టాయి. పక్కన కన్నడంలో చూస్తే దేవనూరు మహాదేవ 'కుసుమబాలె' నంజనగూడు మాటలో వచ్చింది. కన్నడిగులే కష్టపడి చదివారు, అకాడమీ బహుమతి కూడా వచ్చింది. ఆ అమ్మాయికి 'కుసుమబాలె' తెలుసు, కాలేజీలో చెప్పారట. కన్నడంలో ఆ స్వేచ్ఛ ఉందని ఆమెకు తెలుసు, తెలుగులో ఉందని ఎవరూ చెప్పలేదు. తెలుగు కథ అంటే మర్యాదగా ఉండాలనుకుంది.

మరో ప్రశ్న అడిగాను. గెనిమ పోయింది కదా, ఆ రెండు గుంటల గుత్త డబ్బు ఎవరికి వస్తోంది?

అమ్మాయి నవ్వింది. "చిన్నతాతకే సార్. పహణి ఆయన పేరు మీద ఉంది." లెక్క వేశాను. ఎకరాకు 21 వేలంటే రెండు గుంటలకు 1,050 రూపాయలు. రెండేళ్ళ తర్వాత ఐదు శాతం పెరిగితే 1,102 రూపాయల యాభై పైసలు. ఇరవయ్యేళ్ళ పగకు ఏడాదికోసారి బ్యాంకులో ఒక అంకె పడుతోందన్నమాట. పాస్‌బుక్‌లో ఎక్కుతోంది.

"మీ తాతకు ఈ అంకె తెలుసా?"

"తెలుసు సార్. గుత్త డబ్బు పడ్డ రోజు మా తాత, నాయిన చేత లెక్క వేయించుకుంటాడు, వాడికి ఎంత ఎక్కువ పడిందో అని. వేయించుకుని సుమ్నే ఉంటాడు. ఆ రోజు సంగటి ముట్టడు."

"మరి ఇది ఎందుకు రాయలేదు?"

"అది కథకేం పనికొస్తుంది సార్? అది మా ఇంటి విషయం."

నా పొట్టి సీల గుర్తొచ్చింది. ఇద్దరం ఒకటే చేశాం. నేను బ్యాంకు పరువు కాపాడాను, ఆమె ఇంటి పరువు కాపాడింది. సోలార్ కంపెనీని తిట్టడానికి ధైర్యం అక్కర్లేదు, కంపెనీ ఆ కథ చదవబోవడం లేదు. వెయ్యి రూపాయల కోసం అన్నం మానే తాతను రాయడానికి కావాలి ధైర్యం. ఆయన అదే ఇంట్లో, అదే అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

అంతమాత్రాన సోలార్ కథలో ఉండకూడదనడం లేదు. భూమి మనిషి చేతిలోంచి పోకుండానే పోవడం అనే వింత మన తాలూకాలో జరిగింది. అమ్మలేదు, దున్నలేడు. ఇంత పెద్ద మార్పు కథల్లోకి రాకపోతే ఎలా? కానీ ఆ మార్పు ఉపన్యాసం వల్ల రాదు. గెనిమ పోయి అంకె మిగలడంలో అది ఉంది. నేల మీద కొట్లాట అయితే ఒకనాడు ఎవరో ఒకరు పార తీసుకుని గెనిమ జరపొచ్చు, ఏడవొచ్చు, రాజీ పడొచ్చు. ప్లేట్ల కింద నేల మీద ఏ రాజీ? ఆ ముసలాయన చూపుడు వేలు కంచె దగ్గరే ఆగిపోతుంది. ఇదంతా నాకు తోచింది. ఆమెకు చెప్పలేదు. చెబితే అది నా కథవుతుంది. టీ కొట్టు పెద్దమనిషి నాకు ముగింపు ఇచ్చినట్టే నేనూ ఇచ్చినవాణ్ణవుతాను. ఈ విషయంలో సలహా ఇచ్చేవాళ్ళు నోరు కట్టుకోవడం చాలా కష్టం. విమర్శకులకు మరీ కష్టం.

అందుకే రెండు మాటలే చెప్పాను. గ్రామసభ తీసెయ్యమన్నాను. ఇంట్లో ఎలా మాట్లాడతారో అలా రాయమన్నాను. లిపి గురించి అడిగింది. తెలుగు అక్షరాలు నేర్చుకుని రాయాలా అని. మన పత్రికలు తెలుగు లిపిలో తప్ప తీసుకోవు. నేర్చుకుంటే మంచిదే, కన్నడం వచ్చినవాళ్ళకు వారం పని. కానీ అది నేర్చుకునేదాకా కథ ఆపమనడం న్యాయమా? ఇంట్లో మాట తెలుగైతే చాలు, అక్షరం తర్వాత చూసుకోవచ్చు. నేను ఎత్తి రాసిస్తానన్నాను. సంపాదకులు కోప్పడితే వారితో వాదించడానికి సిద్ధం. కన్నడ కథకు పెద్ద దిక్కైన మాస్తి వెంకటేశ అయ్యంగార్ ఇంట్లో మాట్లాడింది తమిళం. ఇంటి మాట ఒకటి, రాత ఒకటి అయినవాళ్ళు ఈ దేశంలో కొత్త కాదు. మనవాళ్ళకు మాట ఉంది, రాత లేదు, అంతే తేడా.

మొన్న మళ్ళీ వచ్చింది. ఈసారి ఐదు పేజీలే. సోలార్ అన్న మాట రెండుసార్లే వచ్చింది. తాత మబ్బుతోనే లేచాడు. రెండు గుంటలు రెండు గుంటలుగానే ఉన్నాయి. తిట్టు కూడా ఉంది, దాన్ని అచ్చు వేస్తారో లేదో తెలియదు. గుత్త డబ్బు పడే రోజు అన్నదమ్ములిద్దరూ బ్యాంకులో ఒకే బల్ల మీద ఆ కొసనొకరు, ఈ కొసనొకరు కూర్చుని ఉంటారు. మధ్యలో జాగా ఉన్నా జనం నిలబడే ఉంటారు, అక్కడ ఎవరూ కూర్చోరు. ఆ వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. నా బ్రాంచిలో ఆ బల్ల నేను రోజూ చూస్తాను.

ముగింపు లేదు. "ఎవరిది తప్పో చివర్లో చెప్పాలా సార్?" అని అడిగింది. రెండు గుంటలు నిజంగా ఎవరివి అని అడిగాను. చాలాసేపు ఆలోచించి, వాళ్ళ జేజిని అడిగి వస్తానంది. జేజి ఇద్దరికీ అన్నం పెట్టిన మనిషట. ఇన్నాళ్ళూ ఆమెను ఎవరూ అడగలేదట. ఆమె కథలో ఇంతవరకు ఎక్కడా లేదు.

ఆ ఐదు పేజీలు తెలుగులోకి ఎత్తి రాయడం మొదలుపెట్టాను.